వజ్రపరీక్ష: రత్నశాస్త్ర లక్షణాలు, ప్రధానపుటుంగరపు వజ్రం

వివాహ నిశ్చయ సమయంలో వధువు వేలికి వజ్రపుటుంగరం తొడగడం తెలుగు కుటుంబాలలో ఇటీవలి కాలంలో పాదుకొన్న ఆచారం. ఉంగరం తొడగడం కొత్త కాదు. 'ప్రధానపుటుంగరం' అన్న మాట తెలుగులో ఎప్పటినుండో ఉన్నది. ఆ ఉంగరంలో వజ్రమే ఉండాలన్న పట్టింపు మాత్రం పడమటి దేశాలనుండి వచ్చింది. వజ్రం శాశ్వతమని చాటే వ్యాపార ప్రకటన 1947లో డి బీర్స్ సంస్థకోసం పుట్టింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఈ పట్టింపు అమెరికాలో స్థిరపడి ఇతర దేశాలకు వ్యాపించింది.

ఇప్పుడు ఉంగరంకోసం అంగడికి వెళ్లిన కుటుంబానికి రెండు పరిభాషలు వినబడతాయి. ఒకటి ధ్రువపత్రంలోని పరిభాష: బరువు, రంగు, నైర్మల్యం, సాన అనే నాలుగు ప్రమాణాలు. రెండవది ఇంటి పెద్దలది: 'దోషమున్న రాయి', 'కాకిపాదమున్న రాయి', 'జాతి వజ్రం' మొదలైన మాటలు. ఈ రెండవ పరిభాషకు మూలం సంస్కృత రత్నశాస్త్రం. ప్రాచ్యకళాశాలల అధ్యాపకులను వచ్చి అడిగేది కూడా దీనిని గురించే. శాస్త్రంలో చెప్పిన వజ్రలక్షణాలు నేటి వజ్రానికి ఎంతవరకు వర్తిస్తాయన్నది విచారించవలసిన విషయం. నాలుగు ప్రమాణాలలో మూడింటిని రత్నశాస్త్రం తనదైన రీతిలో ఎరిగి ఉన్నది. నాలుగవదైన సాన విషయంలో మాత్రం శాస్త్రదృష్టి, నేటి దృష్టి పరస్పర విరుద్ధాలు. ఉంగరంలోని వజ్రానికి వెలుగు వచ్చేది ప్రధానంగా ఆ నాలుగవదాని వల్లనే. ఈ భేదాన్ని గుర్తించక శాస్త్రవాక్యాలను యథాతథంగా అన్వయిస్తే కొనేవాడు నష్టపోతాడు, శాస్త్రానికీ అపవాదు వస్తుంది.

ఆకర గ్రంథాలు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో పదకొండవ అధ్యాయం రత్నపరీక్షకు సంబంధించినది. వరాహమిహిరుని బృహత్సంహిత 80వ అధ్యాయంలో వజ్రపరీక్ష ఉన్నది. గరుడపురాణంలో 68వ అధ్యాయంనుండి రత్నపరీక్ష నడుస్తుంది. అందులోని శ్లోకాలు పెక్కు బుద్ధభట్టుని రత్నపరీక్షలోనూ కనబడతాయి. బుద్ధభట్టుని గ్రంథాన్ని, అగస్తిమతాన్ని, మరికొన్ని రత్నశాస్త్ర గ్రంథాలను లూయీ ఫినో అనే ఫ్రెంచి పండితుడు 1896లో పారిస్‌లో ప్రకటించాడు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం, ఠక్కుర ఫేరూ 1315లో ప్రాకృతంలో రచించిన రత్నపరీక్ష ఈ సంప్రదాయంలో తరువాతి మెట్లు.

ఈ గ్రంథాలు ఎవరికోసం పుట్టాయో గమనించడం అవసరం. అర్థశాస్త్రంలో ఆ అధ్యాయం పేరే కోశంలో ప్రవేశపెట్టదగిన రత్నాల పరీక్ష అని. అక్కడ శ్రోత కోశాధ్యక్షుడు. అతడు రాతిని నిలువ చేస్తాడు, వెలకడతాడు, దొంగరాయి బొక్కసంలో చేరకుండా చూస్తాడు. వేలికి పెట్టుకొన్నప్పుడు ఎట్లా మెరుస్తుందన్నది అతనికి మొదటి ప్రశ్న కాదు.

ఆకృతి: ఆరు, ఎనిమిది, పన్నెండు

ఉత్తమ వజ్రానికి ఆరు కోటులు, ఎనిమిది పార్శ్వాలు, పన్నెండు ధారలు ఉండాలని గరుడపురాణ బుద్ధభట్ట సంప్రదాయం చెబుతున్నది. షట్కోటి అన్న మాటనుబట్టి కాగితంమీద గీసే షట్కోణాన్ని ఊహించుకొంటే ఈ లెక్క కుదరదు. రెండు చతురస్ర పీఠాల పిరమిడ్లను పీఠానికి పీఠం అతికించినట్లుండే ఘనాకృతిని తలచుకోవాలి. దానికి పైన ఒక మొన, క్రింద ఒక మొన, నడుమ నాలుగు మొనలు: మొత్తం ఆరు. ముఖాలు పైన నాలుగు, క్రింద నాలుగు: ఎనిమిది. అంచులు పన్నెండు. కోటి అంటే మొన, పార్శ్వం అంటే ముఖం, ధార అంటే అంచు. వజ్రం గనిలో సహజంగా ఏర్పడే అష్టముఖ స్ఫటికం సరిగ్గా ఇదే. శాస్త్రకారులు రాతిని చేతబట్టి లెక్కపెట్టి వ్రాశారనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అర్థశాస్త్రం ప్రశస్త వజ్రానికి చెప్పిన గుణాలలో సమకోటికత్వం ఒకటి. మొనలు విరిగినది, అంచులు లేనిది, ఒక ప్రక్కకు ఒరిగినది అప్రశస్తం. 'తర్కుభ్రామి' అన్న మరొక విశేషణానికి కదురు వలె తిరిగేదని పదార్థం. వ్యాఖ్యాతలను ఇబ్బంది పెట్టిన ఈ మాటను సమకోటికత్వంతో కలిపి చదివితే ఒక అర్థం స్ఫురిస్తుంది. మొనలు సమంగా ఉన్న స్ఫటికాన్ని ఒక మొనమీద నిలిపి త్రిప్పితే ఊగకుండా కదురువలె తిరుగుతుంది. సౌష్ఠవం లేనిది తొట్రుపడుతుంది. ఇది ఊహయే అయినా వస్తుస్వభావానికి విరుద్ధం కాదు.

శాస్త్రం కోరిన ఆకృతి ప్రకృతి ఇచ్చిన ఆకృతి. అగస్తిమతంలో ఈ భావం మరింత తీవ్రరూపం ధరించింది. పనిముట్టుతో కోసిన వజ్రమూ, మాటిమాటికి రాపిడికి గురియైన వజ్రమూ తన శుభశక్తిని కోల్పోతుందనీ, సహజస్థితిలో ఉన్నదే సంపూర్ణ గుణవంతమనీ ఆ సంప్రదాయం నమ్మింది. సాన పట్టడం ఇక్కడ సంస్కారం కాదు, క్షతి.

ఈ దృష్టి పుస్తకాలకే పరిమితం కాలేదు. పదిహేడవ శతాబ్దిలో గోల్కొండ రాజ్యపు గనులను సందర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో ప్రకటించాడు. రావుల్కొండ గనివద్ద సాన పట్టేవారి పద్ధతిని అందులో వర్ణించాడు. రాయి నిర్మలంగా ఉంటే పైనా క్రిందా చక్రానికి కొంచెం తాకించి విడిచిపెట్టేవారట. బరువు తగ్గుతుందన్న భయంతో ఆకారం జోలికి పోయేవారు కారు. లోపల మచ్చగాని, నల్లని ఎర్రని ఇసుకరేణువుగాని ఉంటే మాత్రం రాయి అంతటా పలకలు తీసేవారు. ఆ పలకల తళుకులో దోషం కంటబడకూడదని ఉద్దేశం. అంటే ఆనాటి దృష్టిలో పలకలు ఎక్కువగా ఉన్న రాయి అనుమానించవలసిన రాయి. నేటి ఉంగరంలోని గుండ్రని రవ్వకు 57 లేక 58 పలకలు ఉంటాయి. రావుల్కొండ వర్తకుడు దానిని చూస్తే ఎక్కడ మచ్చ దాచారోనని మొదట వెదికేవాడు!

ఈ రెండు దృష్టులూ బాహాటంగా ఢీకొన్న సందర్భం కోహినూరు కథలో ఉన్నది. 1851లో లండన్ మహాప్రదర్శనలో దానిని చూచినవారు ఆశాభంగం చెందారు. అంత పేరున్న రాయి మెరవడం లేదన్నారు. మరుసటి సంవత్సరమే డచ్చి పనివారిచేత దానికి మళ్లీ సాన పట్టించారు. పాత క్యారెట్లలో సుమారు 186 ఉన్న బరువు 105.6 క్యారెట్లకు దిగిపోయింది. మొగలు, పారశీక, అఫ్ఘాన్, సిక్కు ప్రభువుల బొక్కసాలు ఏ బరువును కాపాడుతూ వచ్చాయో అది నలభై రోజుల లోపలే పొడియై పోయింది. కోశాధ్యక్షుని లెక్కలో అది మహాపరాధం. తళుకు కోరినవారి లెక్కలో అదే సంస్కారం.

వెలుగుకు, సానకు ఉన్న సంబంధాన్ని కొంత వివరించవలసి ఉన్నది. వజ్రపు వక్రీభవన గుణకం 2.42. లోపల ప్రవేశించిన కిరణం వెనుక ముఖాన్ని 24.4 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటకు పోలేక లోపలికే ప్రతిఫలిస్తుంది. వెనుక పలకలను తగిన వాలులో తీర్చితే పైనుండి వచ్చిన కాంతి అడుగున రెండుసార్లు ప్రతిఫలించి తిరిగి చూచేవాని కంటికే చేరుతుంది. వాలు తక్కువైతే కాంతి అడుగునుండి జారిపోయి రాయి నడుమ గాజుముక్కవలె వెలవెలబోతుంది. వాలు ఎక్కువైతే ప్రక్కలనుండి పోయి నడుమ నల్లబడుతుంది. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఈ లెక్క కట్టి, అడుగు పలకలకు 40.75 డిగ్రీలు, పై పలకలకు 34.5 డిగ్రీల వాలును ఉచితమని నిర్ణయించాడు. నేటి సానపనివారు దీనికి అటూ ఇటూగా కొన్ని మార్పులతో పనిచేస్తున్నారు. 1931లో స్థాపితమైన అమెరికా రత్నశాస్త్ర సంస్థ గుండ్రని రవ్వలకు సాననుబట్టి ఐదు తరగతులు ఏర్పరచి, 2006 నుండి ధ్రువపత్రంలో చూపుతున్నది. తక్కిన ఆకారాలకు చాలకాలం అటువంటి తరగతి లేకపోవడంచేత కోలగానో చతురస్రంగానో ఉన్న రాతిని ధ్రువపత్రంకంటె కంటితోనే నిర్ణయించుకోవలసి వచ్చింది.

అర్థశాస్త్రం 'భ్రాజిష్ణుత్వాన్ని', బృహత్సంహిత మెరుపు, అగ్ని, ఇంద్రధనుస్సులవంటి కాంతిని ఉత్తమ వజ్రానికి చెప్పాయి. కనుక శాస్త్రం కాంతిని ఉపేక్షించిందనడం పొరపాటు. ఆ కాంతి రాతికి పుట్టుకతో వచ్చిన గుణమని శాస్త్రం భావించింది. దానిని చేతితో పుట్టించవచ్చునన్న ఆలోచన లేదు. ఉంగరం కొనేవారు ఈ ఒక్కచోట శాస్త్రాన్ని ప్రక్కనపెట్టి, నాలుగు ప్రమాణాలలోనూ సానకే మొదటి స్థానం ఇవ్వవలసి ఉన్నది. రంగు, నైర్మల్యం ఉత్తమంగా ఉండి సాన చెడిన రాయి వేలిమీద మసకగానే ఉంటుంది.

గురుత్వ లఘుత్వాలు

బరువు విషయంలో శాస్త్రగ్రంథాల మధ్యనే వైరుద్ధ్యం కనబడుతున్నది. అర్థశాస్త్రం స్థూలమూ గురువూ అయిన వజ్రాన్ని ప్రశంసించింది. బృహత్సంహిత లఘువైనది మేలన్నది. తక్కిన రత్నాలకన్నిటికీ గురుత్వం గౌరవహేతువనీ, వజ్రానికి మాత్రం దానికి విపర్యయమనీ గరుడపురాణం స్పష్టంగా చెప్పింది. దీనిని మతభేదమని వదలివేయడం సులభం. కాని రెండు మాటలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలని గ్రహిస్తే విరోధం పరిహృతమవుతుంది.

కౌటిల్యుడు చెప్పినది పరిమాణాన్ని గురించి: పెద్ద రాయి విలువైనది. పురాణం చెప్పినది ఒకే పరిమాణమున్న రెండు రాళ్ల తూకాన్ని గురించి. వజ్రపు విశిష్ట గురుత్వం 3.52. కెంపు, నీలాలది 4.0. వజ్రమని భ్రమింపజేయగల తెల్లని గోమేధికానిది 4.6 వరకు పోతుంది. కనుక వజ్రమంతే ఉండి వజ్రంకంటె బరువు తూగేది అనుమానాస్పదం. లఘుత్వం ఇక్కడ జాతిని నిర్ణయించే పరీక్ష. ఈ పరీక్ష నేటికీ కొంత పనికివస్తుంది: అంగళ్లలో అమెరికా వజ్రంగా చెలామణియయ్యే కృత్రిమ జిర్కోనియా విశిష్ట గురుత్వం 5.6కు పైమాట. అయితే స్ఫటికం 2.65 మాత్రమే, ఇటీవలి మోయిసనైటు 3.22 మాత్రమే. ఈ రెండూ వజ్రంకంటె తేలిక. లఘుత్వం ఒక్కటే చాలదన్నమాట. పైగా బంగారంలో పొదిగిన రాతికి ఈ పరీక్ష చేయనే లేము.

బృహత్సంహిత మరి ఒక మెట్టు ఎక్కి, వజ్రం నీటిమీద తేలుతుందని చెప్పింది. 3.52 గురుత్వమున్న వస్తువు తేలదు. ఐతే వజ్రానికి నీరు అంటని స్వభావం ఉన్నది; జిడ్డు అంటుతుంది. పందొమ్మిదవ శతాబ్ది చివర దక్షిణాఫ్రికా గనులలో కంకరను నీటితోపాటు కొవ్వు పూసిన బల్లలమీద పారించి వజ్రాలను పట్టినది ఈ స్వభావాన్ని ఆధారం చేసుకొనే. ఆరిన చిన్న వజ్రపు నలుసును మెల్లగా నీటిపై వదలితే పైపొర బిగువుచేత క్షణకాలం నిలవడం అసంభవం కాదు. ఆ మాటకు ఇటువంటి అనుభవం ఏదో మూలమై ఉండవచ్చు.

బరువు వెలల సంబంధం మరింత ఆసక్తికరమైనది. ఎనిమిది తెల్లావాలు ఒక తండులం అనీ, ఇరవై తండులాలు తూగే వజ్రం వెల రెండు లక్షలనీ వరాహమిహిరుడు ఆరంభించి, రెండేసి తండులాలు తగ్గినకొద్దీ వెలను తగ్గిస్తూపోయాడు. పది తండులాల రాతికి ఐదవ వంతు, అంటే నలభై వేలు. నాలుగు తండులాలకు నూరవ వంతు. రెండు తండులాలకు వేయవ వంతు, అంటే రెండు వందలు. బరువు పదిరెట్లు పెరిగితే వెల వేయిరెట్లు పెరిగింది. పెద్ద రాయి దుర్లభమన్న సత్యాన్ని ఇంత నిక్కచ్చిగా అంకెలలో పెట్టిన పట్టిక ఆరవ శతాబ్దిలో ఉండడం విశేషం. తవెర్నియే కాలానికి బరువును బరువుతో గుణించి, వచ్చినదానిని ఒక క్యారెట్టు వెలతో గుణించే సూత్రం వాడుకలో ఉన్నది. అతడిచ్చిన ఉదాహరణలో నిర్దుష్టమైన 12 క్యారెట్ల రాతికి క్యారెట్టు 150 లీవ్రుల చొప్పున 21,600 లీవ్రులు. దోషమున్న 15 క్యారెట్ల రాతికి క్యారెట్టు 80 లీవ్రుల చొప్పున 18,000 మాత్రమే. అతడు గనులవద్ద విన్న 'మంగెలిన్' అనే తూకం తెలుగు మంజాళి, అరవ మంజాడి గింజయే.

నేటి క్యారెట్టు 1907లో 200 మిల్లీగ్రాములుగా స్థిరపడింది. దానిలో నూరవ వంతును వర్తకులు సెంటు అంటారు. వెల ఇప్పటికీ బరువుతో సమానంగా పెరగదు. అర క్యారెట్టు, ఒక క్యారెట్టు వంటి గడపలవద్ద ఒక్కసారిగా ఎగురుతుంది. సాన పట్టేవాడు ఆ గడప దాటించడానికి అడుగుభాగాన్ని అవసరంకంటె లోతుగా ఉంచడం కద్దు. చక్కగా సాన పట్టిన ఒక క్యారెట్టు గుండ్రని రవ్వ సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోతెక్కువైనది 6 మిల్లీమీటర్లకు పడిపోవచ్చు. అప్పుడు 90 సెంట్ల మంచి రవ్వ దానికంటె పెద్దదిగా కనబడుతుంది, తక్కువ వెలకు వస్తుంది. కనుక బరువుతోపాటు వెడల్పును అడగడం అవసరం. రావుల్కొండలో బరువు పోతుందని ఆకారాన్ని ముట్టుకోని పాత లోభమే ఇక్కడ మరో వేషంలో ఉన్నది.

దోషాలు

అగస్తిమత సంప్రదాయంలో మలం, బిందువు, యవం, రేఖ, కాకపదం అని వజ్రదోషాలు ఐదు. బృహత్సంహిత కాకపదంతోపాటు మక్షికం, కేశం, ధాతుసంయోగం, శర్కరావేధం మొదలైనవాటిని పేర్కొన్నది. ఇవన్నీ నేటి నైర్మల్య పరీక్షలో గుర్తించేవే. బిందువు లోపల చిక్కిన ఖనిజకణం. యవం అదే యవగింజ ఆకారంలో ఉన్నప్పటి పేరు. మలం మబ్బు పట్టినట్లుండే మచ్చ. రేఖ లోపలి చీలిక లేక పెరుగుదల గీత. కాకపదం మూడు చీలికలు ఒకచోట కలిసి కాకి అడుగువలె కనబడడం. వ్రాతప్రతులలో విడిచిపోయిన అక్షరాన్ని చేర్చడానికి పెట్టే గుర్తుకు కూడా కాకపదమనే పేరుండడం తాళపత్రాలతో పరిచయమున్నవారికి తెలిసినదే. రాతిలోనైనా వ్రాతలోనైనా అది లోపాన్ని చూపే గుర్తు.

భేదం చూచే సాధనంలో ఉన్నది. శాస్త్రకారుడు కంటితో చూచి దోషం చెప్పాడు. నేటి పరీక్షకుడు పదిరెట్లు పెద్దదిగా చూపే అద్దంతో చూస్తాడు. ఆ అద్దంలో ఏ దోషమూ కనబడని రాళ్లు అత్యల్పం. ధ్రువపత్రంలో వి.ఎస్. తరగతి అని ఉన్న రాతిలో దోషం ఉన్నది, కాని కంటికి కనబడదు, ఎస్.ఐ. తరగతిలోనూ అనేకం కంటికి నిర్మలమే. కనుక వి.ఎస్. రాతిలో బిందువున్నదని ధ్రువపత్రంలోని పటం చూచి, శాస్త్రోక్త దోషముందని భయపడి త్రోసివేయడం అనుచితం. వరాహమిహిరుని కంటికి ఆ రాయి నిర్దోషమే అయ్యేది. శాస్త్రం కూడా దోషాలన్నిటినీ ఒకే త్రాసులో తూచలేదు. బుడగ ఉన్నది, మొన విరిగినది, చిపిటమైనది, దీర్ఘమైనది అన్నవాటికి వెలలో ఎనిమిదవ వంతు తగ్గిస్తే చాలునన్నది. దోషఫలంగా బంధునాశ ధననాశాలు చెప్పిన మాట నిజమే. కాని ఆ మాటను ఎనిమిదవ వంతు తగ్గింపు ప్రక్కన పెట్టి చదవాలి. అంగడివాడు మొదటిది వల్లించి రెండవది దాచితే అది శాస్త్రదోషం కాదు.

నిజంగా భయపడవలసిన దోషం అంచుకు చేరిన చీలిక. వజ్రాన్ని మరొక వజ్రం తప్ప ఏదీ గీయలేదని గరుడపురాణం చెప్పింది. 1812 నాటి మోస్ కాఠిన్య క్రమంలో వజ్రం పదవది, చివరిది. అయితే అర్థశాస్త్రం చెప్పిన ప్రహారసహత్వం సరికాదు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు నిలవడం వేరు. అష్టముఖ స్ఫటికానికి ముఖాల దిశలో చీలే స్వభావం ఉన్నది. సుత్తెతో కొట్టి పరీక్షిస్తే మంచి వజ్రమే పగులుతుంది. ఎన్ని జాతి వజ్రాలు ఈ పరీక్షలో నాశనమైనవో! ఉంగరం చేయి ఎన్నిటికో తగులుతుంది కనుక మొనలున్న ఆకారాలలో మొనపైన లోహపు పట్టు ఉండేటట్లు పొదిగించడం మేలు.

వర్ణం

వర్ణవిషయంలో పాత కొత్త దృష్టులు చాలవరకు ఏకీభవిస్తాయి. శంఖం, కుముదం, స్ఫటికంవంటి తెలుపు ఉత్తమమని శాస్త్రం. వర్ణరహితమైన డి మొదలుకొని పసుపు చాయ హెచ్చుతూ జెడ్ వరకు నేటి క్రమం. శాస్త్రం వజ్రాలకు బ్రాహ్మణాది వర్ణాలను కల్పించి, ధరించేవారినీ విభజించింది. ఆ సామాజిక విభాగం నేడు గతార్థం. ఒక్క విశేషం మాత్రం గమనింపదగినది: మందారపు ఎరుపు, పసుపురసపు పసుపు ఉన్నవి రాజులకే అర్హమని గరుడపురాణం చెప్పింది. నేడు కూడా లేత పసుపు చాయ వెల తగ్గిస్తుంది, జెడ్‌ను దాటిన చిక్కని పసుపు వెల పెంచుతుంది. పచ్చని బంగారంలో పొదిగేటప్పుడు జి, హెచ్, ఐ తరగతుల రాయి తెల్లగానే కనబడుతుంది కనుక డి తరగతికి అధికంగా చెల్లించడం అనవసరం.

రంగును ఏ వెలుగులో చూడాలన్న విషయంలో తవెర్నియే చెప్పిన సంగతి ఉపయుక్తం. ఐరోపావారు పగటి వెలుగులో చూస్తారనీ, ఇక్కడివారు రాత్రివేళ గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, పెద్ద వత్తితో దీపం పెట్టి, రాతిని వ్రేళ్లమధ్య పట్టుకొని దాని నీరును, నైర్మల్యాన్ని నిర్ణయిస్తారనీ వ్రాశాడు. నీలిచాయ ఉన్నదో లేదో తెలియాలంటే ఆకులు దట్టంగా ఉన్న చెట్టు నీడకు తీసుకొనిపోవడమే ఉపాయమన్నాడు. నేటి అంగడిలో పైనుండి గుచ్చినట్లు పడే దీపాల క్రింద సాన చెడిన రాయి కూడా మిణుకుమంటుంది. గుమ్మం దాటి నీడలో చూస్తే దాని స్వరూపం బయటపడుతుంది.

కృత్రిమ పరీక్ష

ఇనుము, పుష్పరాగం, గోమేధికం, వైడూర్యం, స్ఫటికం, గాజు అనేవాటితో దొంగవజ్రాలు చేస్తారనీ, క్షారం, గీత, సాన అనే మూడింటితో వాటిని పట్టాలనీ గరుడపురాణం. ఈ పరీక్షలన్నీ వజ్రాన్ని వజ్రేతరంనుండి వేరు చేసేవి. 1954లో అమెరికాలో అత్యధిక పీడన తాపాలతో వజ్రం తయారైనప్పటినుండి సమస్య రూపమే మారింది. ప్రయోగశాలలో పెరిగిన వజ్రం వజ్రమే: అదే కర్బనం, అదే కాఠిన్యం, అదే గురుత్వం, అదే కాంతి. క్షారమూ సానా దానిని పట్టలేవు. వృద్ధిరేఖలను, దీప్తిని పరిశీలించే యంత్రాలతోనే నిర్ణయం జరగాలి. దానిని దొంగవజ్రమనడం సరికాదు. గనివజ్రమని చెప్పి అమ్మితే మాత్రం మోసం. వెలలో ఎంతో అంతరం ఉన్నది కనుక ధ్రువపత్రంలో పుట్టుక ఏమని వ్రాశారో, ఆ పత్రపు సంఖ్య రాతి నడుము అంచుమీద చెక్కిన సంఖ్యతో సరిపోలిందో అద్దంలో చూచుకోవాలి. 'జాతి' అన్న తెలుగు మాటకు ఇంతవరకు వజ్రత్వం అని అర్థం. ఇకపై అది గనిపుట్టుక అన్న అర్థంలోకి జరుగుతున్నది.

స్త్రీలు ధరించడం

ప్రధానపుటుంగరానికి వజ్రం తగదనేవారు బృహత్సంహితను ఉదాహరిస్తూంటారు. సంతానం కోరే స్త్రీలు ఏ వజ్రమూ ధరించరాదన్న వాక్యం అక్కడ ఉన్న మాట వాస్తవం. కాని వరాహమిహిరుడు దానిని తన మతంగా చెప్పలేదు; 'కొందరు' అంటారని చెప్పాడు. ఆ శ్లోకపు ఉత్తరార్ధాన్ని ఉదాహరించేవారు అరుదు. శృంగాటకం, త్రిపుటం, ధాన్యం, శ్రోణి అనేవాటివంటి ఆకారాలున్న వజ్రాలు అట్టి స్త్రీలకు శుభప్రదమని అందులో ఉన్నది. వీనిని కేవల కల్పనలుగా భావించనక్కరలేదు. రెండు స్ఫటికాలు తిరగబడి అతుక్కొని చదునైన ముక్కోణపు బిళ్లగా ఏర్పడడం వజ్రాలలో సాధారణం. శృంగాటకం, అంటే మూడు కోణాల నీటికాయ, ఆ బిళ్లకు సరిపోయే పేరు. ఆరు కోటుల నిండు స్ఫటికం కోశానికి పోగా, చదునైన ఈ రాళ్లు ఆభరణాలకు మిగిలేవని ఊహించవచ్చు. నేడు కూడా సానపనివారు ఆ బిళ్లలను గుండ్రని రవ్వలుగా తీర్చరు. బరువు పోకుండా మూడు కోణాల రవ్వలుగానే తీర్చి, ఉంగరాలలో నడిమి రాతికి రెండు ప్రక్కలా పొదగడానికి పంపుతారు.